కోనసీమలో పాత కార్ల పొగగొట్టం అతుకులు: తుప్పు, మరమ్మతు, నివారణ

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని వ్యవసాయ కుటుంబాలలో పదిహేనేళ్ళు దాటిన కార్లు నేటికీ నిత్యం పనిచేస్తున్నాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు, రావులపాలెం అరటి మార్కెట్టుకు, అమలాపురం ఆసుపత్రులకు, పిల్లల చదువులకు ఇవే ఆధారం. మారుతి 800, అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినా వాటిని వదులుకోని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలకు ముగుస్తుంది. ఆ తరువాత వాహనాన్ని తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఇంజన్ బాగానే ఉన్న వాహనం కూడా అడుగున ఉన్న పొగగొట్టం చెడిపోవడం వలన మూలపడడం తీరప్రాంతాలలో జరిగే విషయమే.

పొగగొట్టం సాధారణంగా మధ్యభాగంలో కంటే రెండు భాగాలు కలిసే అతుకుల వద్ద ముందుగా దెబ్బతింటుంది. తుప్పుపట్టిన అతుకును బలవంతంగా విప్పితే బోల్టు తెగుతుంది. విప్పలేక వెల్డింగుతో శాశ్వతంగా అతికిస్తే తరువాతి మరమ్మతుకు గొట్టాన్ని కోయక తప్పదు. మరల విప్పడానికి వీలుగా బిగించిన అతుకే మంచి అతుకు. ఈ సూత్రం ఆధారంగా తుప్పుకు కారణాలను, అతుకులను విప్పే, బిగించే పద్ధతులను, తీసుకోవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇవే పద్ధతులు ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, నీటి ఇంజన్లకు కూడా వర్తిస్తాయి.

కోనసీమలో తుప్పు తీవ్రతకు కారణాలు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఈ డెల్టాలో గాలిలో తేమ సంవత్సరమంతా అధికంగానే ఉంటుంది. సముద్రపు గాలి మోసుకువచ్చే సూక్ష్మమైన ఉప్పు కణాలు వాహనం అడుగుభాగంపై పేరుకుంటాయి. సాధారణ ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతానికి చేరినప్పుడు కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ సుమారు 33 శాతం తేమకే కరుగుతుంది. అందువలన పొడిగా కనిపించే రోజులలో కూడా ఇనుముపై పలుచని ఉప్పునీటి పొర నిలిచే ఉంటుంది. తీరం నుండి దూరమయ్యే కొద్దీ గాలిలోని ఉప్పు త్వరగా తగ్గుతుంది. కనుక రాజోలు దిగువన అంతర్వేది వైపు తిరిగే కారుకు, కొత్తపేట పరిసరాలలో తిరిగే కారుకు ఒకే తీరుగా తుప్పు పడుతుందని భావించరాదు. రొయ్యల చెరువుల నుండి సరుకు తెచ్చే వాహనాలకు ఉప్పునీరు నేరుగానే తగులుతుంది. గోదావరి వరదలలో లంక గ్రామాలలో నీట మునిగిన వాహనాల అడుగున చేరిన ఒండ్రు, బోల్టుల చుట్టూ చాలాకాలం తడిని పట్టి ఉంచుతుంది.

గొట్టం లోపలి నుండి కూడా తుప్పు పడుతుంది. ఒక లీటరు పెట్రోలు లేదా డీజిలు మండినప్పుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో వెలువడుతుంది. గొట్టం పూర్తిగా వేడెక్కితే ఆ ఆవిరి బయటకు పోతుంది. ఇంటి నుండి బజారుకు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిచే కారులో అది చల్లని సైలెన్సర్‌లోనే నీరుగా మారి నిలుస్తుంది. ఇంధనంలో గంధకం ఉంటే ఆ నీరు ఆమ్లంగా మారుతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6 ఇంధనంలో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించదు. కాబట్టి ఆమ్ల ప్రభావం మునుపటికంటే తగ్గింది. నీటి ప్రభావం, ఉప్పుగాలి ప్రభావం మాత్రం తగ్గలేదు.

అతుకుల వద్ద తుప్పు ఎక్కువగా ఉండడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, రెండు రేకుల నడుమ సందులో చేరిన తడి త్వరగా ఆరదు. రెండవది, తుప్పు తాను తినివేసిన ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది. అందువలన బోల్టు మరలలో ఏర్పడిన తుప్పు నట్టును గట్టిగా పట్టేస్తుంది. మూడవది, మానిఫోల్డ్ సమీపంలోని బోల్టులు తీవ్రమైన వేడికి గురవుతాయి. జింకు 419 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక, జింకు పూత వేసిన సాధారణ బోల్టుకు అక్కడ ఆ రక్షణ నిలువదు.

అతుకుల రకాలు

పాత కార్లలో ముఖ్యంగా మూడు రకాల అతుకులు కనిపిస్తాయి. మొదటిది బల్ల అతుకు. ఇందులో రెండు చదునైన అంచుల నడుమ గాస్కెట్ ఉంచి బోల్టులతో బిగిస్తారు. ఈ గాస్కెట్‌నే మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. మానిఫోల్డ్, ముందు గొట్టం సాధారణంగా ఈ విధంగా కలుస్తాయి. రెండవది స్ప్రింగు అతుకు. గారె ఆకారపు గాస్కెట్‌పై గొట్టం కొద్దిగా కదలడానికి వీలుగా స్ప్రింగులున్న బోల్టులు దీనిని పట్టి ఉంచుతాయి. ఇంజన్ ఊగినప్పుడు ఆ కదలిక వెనుక గొట్టానికి చేరకుండా ఇది ఆపుతుంది. మూడవది జారుడు అతుకు. ఇందులో ఒక గొట్టం మరొక దానిలోకి 40 నుండి 50 మిల్లీమీటర్ల వరకు దూరుతుంది. పైన క్లాంపు బిగిస్తారు.

ఏ అతుకు ఏ పని చేస్తుందో తెలియకుండా మరమ్మతు చేయరాదు. ఒక మీటరు పొడవున్న ఉక్కు గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. స్ప్రింగు అతుకును వెల్డింగుతో కదలకుండా చేస్తే ఈ సాగుదల, ఇంజన్ ఊపు రెండూ మానిఫోల్డ్ మీద పడతాయి. పోత ఇనుముతో చేసిన మానిఫోల్డ్ ఆ ఒత్తిడికి పగిలిపోవచ్చు. చిన్న గాస్కెట్‌తో తీరే పని పెద్ద ఖర్చుగా మారేది ఇటువంటి సందర్భాలలోనే.

లీకును గుర్తించడం

చల్లని ఇంజన్‌ను ప్రారంభించగానే టిక్ టిక్‌మని వినిపించి, వేడెక్కిన తరువాత తగ్గిపోయే శబ్దం మానిఫోల్డ్ అతుకులో లేదా పగులులో లీకుకు సూచన. లోహం సాగి సందు మూసుకోవడం వలన శబ్దం తగ్గుతుంది కాని లోపం పోదు. అతుకు చుట్టూ నల్లని మసి చారలు మరొక గుర్తు.

పరీక్షను చల్లని గొట్టంపైనే చేయాలి. ఇంజన్ ఆపి ఉంచి, గొట్టం చివరి నుండి తక్కువ ఒత్తిడితో గాలిని పంపుతూ అతుకులపై సబ్బునీరు పూస్తే లీకు ఉన్న చోట బుడగలు వస్తాయి. స్క్రూడ్రైవర్ పిడితో గొట్టాన్ని మెల్లగా తట్టినప్పుడు ఖంగుమని మోగితే లోహం గట్టిగా ఉన్నట్లు, మొద్దుబారిన శబ్దం వస్తే లోపల తినివేయబడినట్లు గ్రహించాలి. కొన్ని సైలెన్సర్ల అడుగున నీరు కారిపోవడానికి తయారీదారులే చిన్న రంధ్రం ఉంచుతారు. దానిని తుప్పు రంధ్రంగా భావించి మూసివేయరాదు.

లీకు వలన కలిగే ప్రమాదాలు

పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా బంధం ఏర్పరుస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి భావన దీని తొలి లక్షణాలు. ప్రయాణికులు వీటిని ఎండ దెబ్బగానో ప్రయాణపు బడలికగానో పొరబడే అవకాశం ఉంది. అతుకు లీకైన కారు నేల రేకుకు కూడా తుప్పు రంధ్రాలుంటే పొగ నేరుగా లోపలికి చేరుతుంది. అరటి గెలలు, కొబ్బరి బస్తాలు పట్టక డిక్కీ తలుపును తాడుతో సగం తెరిచి కట్టినప్పుడు ప్రమాదం మరింత పెరుగుతుంది. కదిలే కారు వెనుక గాలి ఒత్తిడి తగ్గి, చివరి గొట్టం నుండి వెలువడే పొగ కూడా డిక్కీ గుండా లోపలికి లాగబడుతుంది. వర్షానికి అద్దాలన్నీ మూసి, వెనుక సీటులో పిల్లలను నిద్రపుచ్చి చేసే ప్రయాణాలలో ఈ విషయంపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

రెండవ ప్రమాదం అగ్ని. కోతల కాలంలో రోడ్లపై ధాన్యం, గడ్డి పరచిన చోట్ల వాహనం అడుగున ఎండుగడ్డి చుట్టుకుంటుంది. లీకైన అతుకు నుండి వెలువడే వేడి వాయువు, బాగా వేడెక్కిన క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ గడ్డిని అంటించగలవు. కొబ్బరి పీచు ఆరబోసిన ఆవరణలలో, గడ్డివాముల పక్కన ఇటువంటి వాహనాన్ని నిలుపరాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 113వ నిబంధన ప్రకారం ఇంధన గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు దూరంలో పొగగొట్టం ఉండరాదు. మరమ్మతులో కొత్త గొట్టం అమర్చేటప్పుడు ఈ దూరాన్ని తప్పక కొలవాలి.

ఇంధన వ్యయం మూడవ నష్టం. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న పెట్రోలు కారులో, దానికి ముందున్న అతుకు లీకైతే పొగ తరంగాల నడుమ బయటి గాలి లోపలికి చేరుతుంది. ఇంధనం చాలడం లేదని సెన్సర్ తప్పుగా సూచించడంతో ఇంజన్ అవసరానికి మించి పెట్రోలు తీసుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందు

గొట్టం పూర్తిగా చల్లారాలి. డెల్టా నేల మెత్తనిది కనుక జాకీ కింద మందమైన చెక్క పలకను వేయాలి. చక్రాలకు అడ్డు పెట్టి, బరువును స్టాండ్లపై నిలిపిన తరువాతే కారు కిందికి వెళ్ళాలి. జాకీని మాత్రమే నమ్మరాదు. తుప్పు రేణువులు కళ్ళలో పడకుండా అద్దాలు, చేతులకు తొడుగులు ధరించాలి. వెల్డింగు చేయవలసి వస్తే ముందుగా బ్యాటరీ తీగలను విప్పాలి.

పట్టేసిన బోల్టును విప్పే క్రమం

మొదట తీగ బ్రష్షుతో బయటకు కనిపించే మరలను శుభ్రం చేయాలి. తరువాత తుప్పును చొచ్చుకుపోయే నూనెను పోసి ఒక రాత్రి ఉంచాలి. నడుమ రెండు మూడుసార్లు తిరిగి పోసి, నట్టును సుత్తితో తేలికగా తట్టితే నూనె లోపలికి దిగుతుంది. వంట నూనెలు వేడికి జిగటగా మారతాయి కనుక ఇందుకు పనికిరావు.

విప్పేటప్పుడు ఆరు పలకల సాకెట్ వాడాలి. పన్నెండు పలకల సాకెట్ తుప్పుతో అరిగిన నట్టు మూలలను గుండ్రంగా చేస్తుంది. ముందుగా నట్టును బిగించే దిశలో కొద్దిగా కదిపి, ఆ తరువాత వదులు చేయాలి. పావు చుట్టు వదులై మళ్ళీ బిగుసుకుంటే వెనక్కు తిప్పి, నూనె పోసి, ముందుకు వెనుకకు కదుపుతూ తీయాలి. పొడవైన పిడితో ఒక్కసారిగా లాగితే మర విప్పుకోవడానికి బదులు బోల్టే తెగుతుంది.

అప్పటికీ కదలకపోతే వేడిచేయాలి. బోల్టును కాక నట్టును మాత్రమే మందమైన ఎరుపు రంగు వచ్చే వరకు వేడిచేస్తే అది సాగి తుప్పు పట్టు వదులుతుంది. కొంత చల్లారిన తరువాత మర మొదట్లో కొవ్వొత్తి మైనాన్ని తాకిస్తే అది కరిగి సందులలోకి దిగుతుంది. చొచ్చుకుపోయే నూనె మండే స్వభావం కలది. దానిని పోసిన చోటును పూర్తిగా తుడవకుండా మంట చూపరాదు. ఇంధన గొట్టాలు, బ్రేకు గొట్టాలు, రబ్బర్లు దగ్గర ఉన్న చోట మంట వాడరాదు. అటువంటి చోట నట్టును ఉలితోగాని నట్టు చీల్చే పరికరంతోగాని చీల్చడం మేలు. పోయేది నట్టు ఒక్కటే, స్టడ్డు మిగులుతుంది.

జారుడు అతుకు ఊడకపోతే బయటి గొట్టాన్ని మాత్రమే నిలువునా కోసి, ఉలితో అంచులను తెరవాలి. లోపలి గొట్టానికి గాటు పడకూడదు. వేలాడదీసే రబ్బర్లను తీసేటప్పుడు సబ్బునీరు చాలు.

స్టడ్డు విరిగినప్పుడు

మొండెం కొద్దిగా బయటకు ఉంటే దానిపై ఒక నట్టును ఉంచి లోపలి నుండి వెల్డింగు చేయాలి. వెల్డింగు వేడికే తుప్పు పట్టు సడలుతుంది, ఆ నట్టును తిప్పి స్టడ్డును తీయవచ్చు. మొండెం మానిఫోల్డ్ లోపలే మిగిలితే సరిగ్గా మధ్యలో సెంటరు పంచ్ గుర్తు పెట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి క్రమంగా పెద్దది చేయాలి. 8 మిల్లీమీటర్ల సాధారణ మరకు 6.8 మిల్లీమీటర్ల రంధ్రం, 10 మిల్లీమీటర్ల మరకు 8.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి కొత్త మర కోయాలి. ఈజీ అవుట్ అనే పరికరాన్ని బలంగా తిప్పరాదు. గట్టి ఉక్కుతో చేసిన ఆ ముక్క లోపల విరిగితే దానిని డ్రిల్లుతో తీయడం చాలా కష్టం. మర పూర్తిగా పాడైన చోట తీగచుట్టు మర ఇన్సర్టును అమర్చవచ్చు.

మార్చడమా, అతకడమా

గొట్టం గట్టిగా ఉండి, అంచు మాత్రమే తినివేయబడితే ఆ భాగం వరకు కోసి కొత్త అంచును వెల్డింగు చేయించుకోవచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కినప్పుడు లోహం లోపలికి పోతే ఆ భాగంపై వెల్డింగు నిలువదు. గట్టి లోహం దొరికే వరకు కోసి మార్చాలి. వేడికి గట్టిపడే పొగగొట్టం పుట్టీ కొన్ని వారాల తాత్కాలిక ఉపాయం మాత్రమే. సాధారణ సిలికాన్ పేస్టు మానిఫోల్డ్ వేడికి నిలువదు.

నీటి పైపులకు వాడే జింకు పూత గొట్టాన్ని పొగగొట్టంగా అమర్చడం సరికాదు. దానిని వెల్డింగు చేసినప్పుడు వెలువడే జింకు పొగ పీల్చిన పనివారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. అల్యూమినియం పూత గల ఉక్కు గొట్టం సాధారణ ఉక్కు కంటే మన్నుతుంది. 409 రకం స్టెయిన్‌లెస్ ఉక్కులో సుమారు 11 శాతం క్రోమియం ఉంటుంది. పైన గోధుమరంగు తుప్పు కనిపించినా లోపల చాలాకాలం గట్టిగా నిలుస్తుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఇది ఎక్కువ మన్నినా సాధారణ ఉక్కు కంటే ఎక్కువగా సాగుతుంది.

స్టెయిన్‌లెస్ గొట్టానికి సాధారణ ఉక్కు బోల్టులు వాడడంలో ఒక చిక్కు ఉంది. ఉప్పుతడిలో రెండు వేర్వేరు లోహాలు కలిసినప్పుడు తక్కువ నిరోధం గల లోహం ముందుగా తినివేయబడుతుంది. గొట్టం విస్తీర్ణం పెద్దది, బోల్టుది చిన్నది కనుక నష్టమంతా బోల్టు మీద పడుతుంది. గొట్టానికి చేసిన ఖర్చులో కొంత బోల్టులకు కూడా చేయాలి.

తిరిగి బిగించే విధానం

పాత గాస్కెట్‌ను మరల వాడరాదు. రెండు ముఖాలను పూర్తిగా గీకి, చదునుగా ఉన్నాయో లేదో ఉక్కు స్కేలుతో పరీక్షించాలి. స్టడ్డులు, నట్లు కొత్తవి వేయాలి. మానిఫోల్డ్ స్టడ్డులకు ఇత్తడి నట్లు లేదా రాగి పూత గల నట్లు అనుకూలం, ఎందుకంటే అవి ఉక్కు మరతో త్వరగా పట్టేయవు. మరలకు రాగి లేదా నికెల్ కలిసిన యాంటీ సీజ్ పేస్టు పూయాలి. సాధారణ గ్రీజు ఆ వేడికి మాడిపోతుంది. ఈ పేస్టు పూసినప్పుడు మర సులభంగా తిరుగుతుంది కనుక పొడి మరకు చెప్పిన బిగింపు కంటే కొంత తగ్గించాలి.

అన్ని బోల్టులను ముందుగా చేతితో తిప్పి, గొట్టం రబ్బర్లపై సహజంగా వేలాడేలా సరిచూసుకోవాలి. తరువాత ఇంజన్ వైపు నుండి వెనుకకు, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించాలి. జారుడు అతుకుకు యు ఆకారపు బోల్టు క్లాంపు కంటే వెడల్పాటి పట్టీ క్లాంపు మంచిది. మొదటిది గొట్టాన్ని నొక్కివేయడంతో మరుసటిసారి అతుకు ఊడదు. ఇంజన్ ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారిన తరువాత బిగింపును మళ్ళీ పరీక్షించి, సబ్బునీటితో లీకు లేదని నిర్ధారించుకోవాలి.

నివారణ చర్యలు

• తీరప్రాంతానికి లేదా ఉప్పునీటి చెరువులకు వెళ్ళివచ్చిన తరువాత, గొట్టం చల్లారాక, అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. వేడి పోత ఇనుముపై నీరు పడితే అది పగలవచ్చు.

• వారానికొకసారైనా గొట్టమంతా వేడెక్కేలా 20 కిలోమీటర్లకు తగ్గకుండా కారును నడపాలి.

• శుభ్రం చేసిన అంచులు, క్లాంపులపై సుమారు 600 డిగ్రీల వేడిని తట్టుకునే అల్యూమినియం రంగు వేయాలి.

• వర్షాకాలానికి ముందు, తరువాత బోల్టులను పరీక్షించి, అరిగిన వాటిని తెగకముందే మార్చాలి.

• ట్రాక్టరు నిలువు పొగగొట్టంలోకి వర్షపు నీరు చేరకుండా మూత ఉంచాలి. పవర్ టిల్లర్ల కుదుపుకు నట్లు వదులవుతాయి కనుక ప్రతి సీజను ఆరంభంలో బిగింపు చూడాలి. గడ్డి మధ్య పనిచేసే యంత్రాలకు నిప్పురవ్వలను ఆపే పరికరం అవసరం.

విస్తరణ, పరిశోధన అవసరాలు

యంత్ర శిక్షణలో ఇంజన్, హైడ్రాలిక్ భాగాలతో పాటు పొగగొట్టం అతుకులకు కూడా స్థానం కల్పించాలి. గ్రామీణ యువతకు ఒకరోజు శిక్షణలో సబ్బునీటి పరీక్ష, నట్టును వేడిచేసి విప్పడం, విరిగిన స్టడ్డు తీయడం, సరైన గాస్కెట్‌తో బిగించడం అనే నాలుగు పనులను స్వయంగా చేయించవచ్చు. అద్దె యంత్ర కేంద్రాల నిర్వాహకులకు కూడా ఈ నైపుణ్యం ఉపయోగపడుతుంది.

వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇందులో తక్కువ ఖర్చుతో చేయదగిన పరిశోధన ఉంది. లోహాల వాతావరణ తుప్పును వర్గీకరించే ఐఎస్ఓ 9223 ప్రమాణం, ఒక సంవత్సరంలో లోహం కోల్పోయిన మందాన్ని ఆధారంగా తీసుకుంటుంది. సాధారణ ఉక్కు 25 నుండి 50 మైక్రాన్లు కోల్పోతే మధ్యస్థమని, 80 నుండి 200 మైక్రాన్లు కోల్పోతే అతి తీవ్రమని పరిగణిస్తారు. తూచిన ఉక్కు రేకులను, వివిధ రకాల బోల్టు నట్టు జతలను అంతర్వేది, రాజోలు, అమలాపురం, కొత్తపేటలలో ఏడాదిపాటు ఆరుబయట ఉంచి, చివర బరువు నష్టాన్ని, నట్టు విప్పడానికి అవసరమైన బలాన్ని కొలిస్తే ఏ ప్రాంతానికి ఏ బోల్టు, ఏ పూత తగినదో స్థానికంగా సిఫారసు చేయడానికి ఆధారం లభిస్తుంది.

ముగింపు

ఉప్పుగాలిని మార్చలేము. అది తాకే అతుకును మార్చుకోగలము. తొందరపడకుండా విప్పి, కొత్త గాస్కెట్, తగిన బోల్టు, వేడిని తట్టుకునే పేస్టుతో బిగించిన అతుకు పొగను బయటికే పంపుతుంది, తరువాతి మరమ్మతులో సులభంగా ఊడి వస్తుంది. పాత వాహనం మరికొన్నేళ్ళు రైతు కుటుంబానికి ఉపయోగపడడం, అందులో ప్రయాణించేవారి ప్రాణాలకు రక్షణ లభించడం ఈ చిన్న పనిపై ఆధారపడి ఉన్నందున, విస్తరణ శాస్త్రవేత్తలు దీనిని గ్రామస్థాయి సలహాలలో చేర్చడం అవసరం.